విశాఖ ఖాళీ అయిన రోజులు

రాగిముద్ద తినే మన గుడిబండ వైపు రెండో ప్రపంచయుద్ధం ఎక్కడో సముద్రం అవతలి మాట. విశాఖలో అలా కాదండీ, అది నడినెత్తికే వచ్చింది. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్‌గారు అక్కడ సింధియా ఓడల కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. ఏడాది తిరక్కముందే, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానాలు బాంబులు వేశాయి. జనం పిల్లల్ని చంకనేసుకుని పల్లెలకు తరలిపోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు మారింది. యుద్ధం ముగిశాక, 1948 మార్చి 14న, ఆ కర్మాగారంలో కట్టిన ‘జల ఉష’ను నెహ్రూగారు నీళ్ళలోకి దింపారు. ఓడ పేరు చరిత్రకెక్కింది. పొయ్యి ఆర్పి, ఇంటికి తాళమేసి, తిరిగొచ్చి మళ్ళీ పొయ్యి రాజేసిన ఇల్లాళ్ళ పేర్లో? మీ ఇంట ఆ కబుర్లు విన్నవాళ్ళుంటే అడిగి రాసిపెట్టుకోండమ్మా. అదీ చరిత్రే కదూ!