మా చెరువులోకి చేపపిల్ల ఎలా వచ్చింది

మాది ఒడిశాలోని గంజాం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా మా ప్రాంతం మద్రాసు కింద ఉండేది. ఊళ్ళో తెలుగు, ఒడియా రెండూ మాట్లాడతాం కనుక చెరువులో చేపలకి కూడా రెండేసి పేర్లు. మనం బొచ్చె అనేది వాళ్ళకి భాకుర. శీలావతి రొహి, ఎర్రమోసు మిరికాలి.

ఏటా వానాకాలంలో ఈ మూడింటి పిల్లల్ని బయటి నుంచి తెచ్చి చెరువులో వదుల్తారు. చెరువులో పెద్ద చేపలు ఉండగా పిల్లల్ని కొనడం ఎందుకని నాకు సందేహం ఉండేది. కారణం ఏమిటంటే, ఇవి నిలవనీటిలో గుడ్లు పెట్టవు. వరద నీరు పారే నదిలోనే పెడతాయి. పూర్వం నదిలో పిల్లల్ని పట్టి, మట్టికుండల్లో పోసి, వాటికి గాలి అందేలా నీటిని కదుపుతూ మోసుకొచ్చేవారు. దారిలో చాలా చచ్చిపోయేవి. వేరే జాతి పిల్లలు కూడా కలిసిపోయేవి.

ఈ కష్టాన్ని తీర్చే దారి మన ఒడిశాలోనే దొరికింది. 1957 జులై 10న అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త, చేప తలలోని పీయూష గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి కార్పు జాతి చేపల చేత గుడ్లు పెట్టించారు. అందుకే జులై 10ని జాతీయ చేప రైతుల దినంగా జరుపుతారు. ఆ తర్వాత నది కోసం ఎదురుచూసే పని తగ్గింది. బొచ్చె నీటి పైన, శీలావతి మధ్యన, ఎర్రమోసు అడుగున మేస్తాయి కనుక ఒకే చెరువులో మూడూ పెరుగుతాయి.

కానీ మా అమ్మమ్మ వేరే మాట చెప్తుంది. "అప్పుడు చేపలు కొనడమేటిరా? గాలం వేస్తే కూరకి సరిపడా వచ్చీవి" అంటుంది. ఇప్పుడు చెరువు పాటకి వెళ్తోంది. పిల్లల్ని వదిలే ముందు ఇప్ప చెక్క వేసి పరిగెలు, ఇంగిలాయిలు, కొరమీన్లను చంపేస్తారు. నిరుడు నేను గాలం వేస్తే కాపలావాడు లాక్కున్నాడు. చాలా కోపం వచ్చింది. ఇది రాస్తుంటే ఆయన తప్పు లేదనిపించింది. డబ్బు పెట్టి కొన్న పిల్లకి కాపలా ఉంటుంది కదా.

పరిగెలకి సూదీ అక్కర్లేదు, నదీ అక్కర్లేదు, చెరువులోనే పెరుగుతాయి. పెద్ద చెరువు పాటకి ఇచ్చినా, బడి వెనక గుంటనైనా వాటికి వదిలేస్తే బాగుంటుంది. అక్కడ ఎవరి గాలం వాళ్ళు వేసుకోవచ్చు.