యలహంక చెరువుల గొలుసు

బెంగళూరుకు ఉత్తరాన ఉన్న యలహంక, 1537లో మొదటి కెంపేగౌడ బెంగళూరు కోటను కట్టించక మునుపు, విజయనగర రాజ్యానికి లోబడిన ఆయన వంశీకులకు పాలనా కేంద్రంగా ఉండేది. ‘యలహంక నాడప్రభువులు’ అన్న బిరుదు వారికి ఈ ఊరి నుండే వచ్చింది. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ పీఠభూమికి జీవనది లేనందువల్ల, ఇక్కడి సేద్యమంతా వాననీటిని ఆపే చెరువుల మీదనే నిలిచింది.

ఆ చెరువుల్లో ఏదీ ఒంటరిది కాదు. యలహంక చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు, రాజకాలువలు అనబడే వాగుల గుండా, జక్కూరుకూ అక్కడి నుండి రాచేనహళ్లికీ చేరి, చివరకు దక్షిణ పినాకినిలో కలుస్తుంది. నెల్లూరు దాకా పారే పెన్న పుట్టిన నంది కొండల ప్రాంతమే ఈ నదికీ పుట్టిల్లు. తూము తెరిచి, ఆయకట్టు రైతులకు వంతుల ప్రకారం నీరు వదిలే పని నీరుగంటిది. అతనికి ప్రతిఫలం పంటలో వాటాగా ముట్టేది. చెరువు కట్టినవారికీ మరమ్మతు చేసేవారికీ భూమిని మాన్యంగా ఇచ్చే ‘దశబంధం’ అనే ఆచారం కన్నడ, తెలుగు సీమలు రెండింటిలోనూ ఉండేది. చెరువుకు ఉండవలసిన 12 అంగాలను వివరించిన 1369 నాటి పోరుమామిళ్ల శాసనాన్ని చూస్తే, ఈ విద్య ఎంత శాస్త్రబద్ధంగా సాగిందో తెలుస్తుంది.

కాలక్రమంలో ఆ చెరువుల అవసరం తగ్గింది. బెంగళూరుకు 1890లలో అర్కావతి నదిపై ఉన్న హెసరఘట్ట నుండి, 1933లో తిప్పగొండనహళ్లి నుండి, 1974లో సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని కావేరి నుండి గొట్టాల ద్వారా నీరు వచ్చింది. నగరం పెరిగి, 2007లో యలహంక బృహత్ బెంగళూరు మహానగర పాలికెలో కలిసింది. ఆయకట్టు పొలాలు ఇళ్ల స్థలాలుగా మారడంతో నీరుగంటికి పని లేకుండా పోయింది. చెరువుకు అసలు నష్టం గట్టు తెగినప్పుడు కాక, దాని నీటి కోసం ఎదురుచూసే మనిషి లేనప్పుడే మొదలైందని చెప్పాలి.

2024 వేసవిలో బెంగళూరు బోర్లు వేలాదిగా ఎండిపోగా, అదే ఏడాది అక్టోబరులో వరద ముంచెత్తడంతో యలహంకలోని కేంద్రీయ విహార్ అపార్ట్‌మెంట్ల నివాసులను పడవల్లో బయటకు తేవలసి వచ్చింది. 2021 నవంబరులోనూ అక్కడ ఇదే జరిగింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు కనుక, భూతాపంతో కుండపోత వానలు పెరుగుతున్న మాట నిజమే. అయితే ఆ వానను ఆపి, నెమ్మదిగా నేలలోకి ఇంకించే కుంటలనూ, మిగిలినదాన్ని దాటించే కాలువలనూ ఇరుకు చేసింది వాతావరణం కాదు. కరవూ వరదా ఒకే ఊరిని ఒకే ఏడాదిలో తాకడానికి ఆ ఇరుకే ముఖ్య కారణం.

గొలుసులో తరువాతి లంకె అయిన జక్కూరులో పరిస్థితి కొంత భిన్నం. రోజుకు కోటి లీటర్ల సామర్థ్యంతో మొదలైన కేంద్రంలో శుద్ధి అయిన మురుగునీరు, జమ్ము పెరిగిన తడినేల గుండా వడకట్టుకుని చెరువులోకి చేరుతుంది. జాలరులు అక్కడ చేపలు పడుతున్నారు, చుట్టుపక్కల బావుల్లో నీరు మళ్లీ ఊరుతోంది.