కాలిన గాయాలకు ప్రథమ చికిత్స

నిప్పు, వేడి ద్రవాలు, ఆవిరి, విద్యుత్తు లేదా రసాయనాల వలన చర్మానికి, దాని క్రింది కణజాలానికి కలిగే హానిని '''కాలిన గాయం''' అంటారు. వైద్యుని వద్దకు చేరేలోగా బాధితునికి అందించే తక్షణ సహాయమే ప్రథమ చికిత్స. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం కాలిన గాయాల వలన ఏటా సుమారు 1,80,000 మంది మరణిస్తున్నారు. ఈ మరణాలలో అత్యధికం అల్పాదాయ, మధ్యాదాయ దేశాలలోనే సంభవిస్తున్నాయి. భారతదేశంలో ఏటా 10 లక్షల మందికి పైగా ఒక మోస్తరు లేదా తీవ్రమైన కాలిన గాయాలకు గురవుతున్నారని అదే సంస్థ పేర్కొంది.

== కారణాలు ==
ఈ దేశాలలో ప్రమాదాలు ఎక్కువగా ఇంటిలోనే, ముఖ్యంగా వంట చేసే చోట జరుగుతాయి. నేలపై ఉండే కట్టెల పొయ్యి, కిరోసిన్ స్టవ్వు, బుడ్డి దీపం, వ్రేలాడే పైట చెంగు, త్వరగా అంటుకునే కృత్రిమ నూలు వస్త్రాలు ఇందుకు ప్రధాన కారణాలు. పసిపిల్లలు వేడి నీరు, గంజి, పప్పుచారు వంటివి మీద పడి గాయపడుతుంటారు.

== గాయాల స్థాయిలు ==
* '''మొదటి స్థాయి''': చర్మం ఎర్రబడి మండుతుంది. బొబ్బలు రావు.
* '''రెండవ స్థాయి''': బొబ్బలు ఏర్పడతాయి, నొప్పి అధికంగా ఉంటుంది.
* '''మూడవ స్థాయి''': చర్మం పూర్తి మందంలో కాలి తెల్లగా గాని నల్లగా గాని మారుతుంది. నరాల చివరలు కాలిపోవడం వలన నొప్పి తెలియకపోవచ్చు. నొప్పి లేదు కనుక గాయం చిన్నదని భావించరాదు.

బాధితుని అరచేయి, వ్రేళ్ళతో సహా, అతని శరీర ఉపరితలంలో సుమారు 1 శాతం ఉంటుంది. దీనితో గాయం విస్తీర్ణాన్ని అంచనా వేయవచ్చు.

== చేయవలసినవి ==
# బట్టలు అంటుకున్నవారు పరుగెత్తరాదు. గాలి వలన మంట పెరుగుతుంది. వెంటనే నేలపై పడుకొని దొర్లాలి. ఇతరులు మందపాటి దుప్పటి కప్పి మంటను ఆర్పాలి.
# విద్యుత్ ప్రమాదమైతే మెయిన్ స్విచ్ ఆపిన తరువాతే బాధితుని తాకాలి.
# గాయంపై శుభ్రమైన చల్లని నీటిని 20 నిమిషాల పాటు ధారగా పోయాలి. గాయమైన 3 గంటల లోపు ఎప్పుడు చేసినా దీని వలన ప్రయోజనం ఉంటుంది. కుళాయి లేనిచోట బిందెలోని నీటిని చెంబుతో పోయవచ్చు. నీరు కొరతగా ఉంటే శుభ్రమైన గుడ్డను తడిపి గాయంపై వేసి, తరచుగా మారుస్తుండాలి.
# వాపు రాకముందే ఉంగరాలు, గాజులు, మెట్టెలు, మొలత్రాడు తీసివేయాలి. చర్మానికి అంటుకుపోయిన బట్టను లాగరాదు.
# పిల్లలు, వృద్ధులు త్వరగా చల్లబడిపోతారు. అందువలన గాయం లేని భాగాన్ని దుప్పటితో కప్పి ఉంచాలి.
# తరువాత ఉతికిన పలుచని నూలు గుడ్డను గాయంపై వదులుగా కప్పి ఆసుపత్రికి తరలించాలి.

ఆమ్లం వంటి రసాయనాలు పడినపుడు మరింత ఎక్కువసేపు కడగాలి. పొడి సున్నం పడితే ముందుగా దానిని దులిపివేసి, ఆ తరువాత నీరు పోయాలి.

== చేయకూడనివి ==
పసుపు, సిరా, పేడ, దోసెల పిండి, టూత్‌పేస్టు, నెయ్యి, నూనె వంటివి పూయడం పలు ప్రాంతాలలో ఆచారంగా ఉంది. ఇవి గాయాన్ని చల్లబరచలేవు. పైగా సూక్ష్మజీవులు చేరడానికి అవకాశమిస్తాయి, వైద్యుడు గాయం లోతును గుర్తించకుండా అడ్డుపడతాయి. మంచుగడ్డ పెట్టడం వలన కణజాలం మరింత దెబ్బతింటుంది. బొబ్బలను చిదపరాదు.

== ఆసుపత్రికి ఎప్పుడు ==
అరచేతి కంటే పెద్ద గాయం, మూడవ స్థాయి గాయం, ముఖం, చేతులు, పాదాలు, కీళ్ళు లేదా జననాంగాలపై అయిన గాయం, విద్యుత్, రసాయన గాయాలు, పొగ పీల్చడం వలన గొంతు బొంగురుపోవడం - వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయరాదు. పసిపిల్లల గాయాలను చిన్నవైనా వైద్యునికి చూపించాలి. ధనుర్వాతం టీకా అవసరాన్ని వైద్యుడు నిర్ణయిస్తాడు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 108 నంబరుకు ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది.

== నివారణ ==
పొయ్యిని పిల్లలకు అందని ఎత్తులో అమర్చాలి. వంట చేసేటప్పుడు నూలు దుస్తులు ధరించి, పైట చెంగును దోపుకోవాలి. వెలుగుతున్న స్టవ్వులో కిరోసిన్ పోయరాదు. దీపావళి బాణసంచా కాల్చేచోట బకెట్టుతో నీరు సిద్ధంగా ఉంచుకోవాలి.