కూజామొక్క అలిగిన కారణం

మొయినాబాదు దగ్గరి పూలతోటలో పనిచేసే నా పూర్వవిద్యార్థి ఒకడు తెచ్చి ఇచ్చిన కూజామొక్క, చేవెళ్ళలోని మా వాకిట ఆరు నెలలు గడిచినా కూజా తొడగలేదు. ఆకు కొసన తీగ సాగేది, దాని చివర ఆవగింజంత బుడిపె కట్టేది, అంతలోనే నల్లబడి ఎండిపోయేది. ఆకలి కాబోలునని పశువుల ఎరువు వేశాను. మిత్రులారా, నవ్వకండి.

1737లో లిన్నేయస్ దీనికి నెపెంథీస్ అని నామకరణం చేశాడు. హోమరు ఒడిస్సీ కావ్యంలో హెలెన్ మధువులో కలిపిన దుఃఖహరమైన ఔషధం పేరది. వ్యుత్పత్తి చూస్తే మన 'అశోక' శబ్దానికి తోబుట్టువే!

బోర్నియోలోని కినబాలు పర్వతం మీద 1858లో హ్యూ లో కనుగొన్న మహాకాయజాతికి, సారవాక్ రాజైన జేమ్స్ బ్రూక్ గౌరవార్థం హుకర్ మరుసటి ఏడు 'రాజా' అని పేరు పెట్టాడు. 1877-78లో బర్బిడ్జ్ ఆ కొండకు వెళ్ళి వీచ్ నర్సరీ కోసం విత్తనాలు సేకరించాడు. ఉష్ణమండలపు మొక్క అంటే ఉడుకుతున్న గాజుటిల్లే కావాలని ఆనాటి తోటమాలులలో బలమైన నమ్మకం. అయితే ఇది 1500 మీటర్లకు పైన, చల్లని రాత్రుల మధ్య పెరిగేది. 1905 నాటికి వీచ్ వారి రాజాలన్నీ అంతరించాయి. ఐర్లాండులోని గ్లాస్‌నెవిన్ తోటలో మిగిలిన ఒక్కటీ ఆపై ఎంతోకాలం నిలువలేదు.

నాది రాజా కాదు, సామాన్యపు సంకరజాతి. కనుక మా ఎండను నిందించి తప్పించుకొనే వీలు లేదు. శిష్యుడు వచ్చి మొక్కను చూడకముందే, "ఏ నీళ్ళు పోస్తున్నారు సార్?" అని అడిగాడు. జర్బెరా పెంచేవారు ఎరువు కలపడానికి ముందు నీటిలోని లవణాలను కొలుస్తారట. నాది బోరునీరు, కుండీ అంచున తెల్లని పొర పేరుకొని ఉంది. నిస్సారమైన నేలలో బ్రతుకుతుంది గనుకనే ఈ మొక్క పురుగులను పట్టుకొని పోషకాలు సమకూర్చుకొంటుంది. అట్టిదాని వేళ్ళకు నేను ఉప్పూ ఎరువూ కలిపి పెట్టాను. పైగా వేసవి పొడిగాలి ఒకటి.

కుండీ విప్పితే వేళ్ళన్నీ నల్లగా ఉన్నాయి. కుళ్ళినవనుకొని కత్తెర తీశాను. శిష్యుడు చెయ్యి పట్టుకొన్నాడు: వీటి వేళ్ళ రంగే అంత, మెత్తబడినవే చెడినవి. (తరగతిలో నేనే వీడి చెయ్యి పట్టి అక్షరాలు దిద్దించాను.)

కొబ్బరిపొట్టు కడిగి అందులో నాటాము. ఇక వాననీరే. 1908 మూసీ వరద తరువాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టుకొన్న ప్రాంతం మాది. వాన నీటిని పట్టి దాచుకోవడం ఇక్కడ కొత్త విద్య కాదు. చూరు కింద రెండు ఇత్తడి గంగాళాలు పెట్టాను.

పాత ఆకులు ఇక కూజాలు ఇయ్యవు. భాద్రపదంలో వచ్చిన మూడవ కొత్త ఆకుకు చిటికెనవేలంత కూజా మూత తెరిచింది. నిన్న దాని అంచున ఒక చీమ తిరుగుతోంది.