పాత కారులో సోవియట్ కాలపు జాడలు: తెనాలి – రేపల్లె – బాపట్ల

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• వారసత్వ పర్యటనకూ చరిత్ర అధ్యయనానికీ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• సోవియట్ యూనియన్‌తో కృష్ణా డెల్టాకు ఏర్పడిన రాజకీయ, ఆర్థిక, సాహిత్య సంబంధాలను గుర్తించగలుగుతారు.
• మీ ప్రాంతంలో అలాంటి ఆధారాలను సేకరించి, వాటిని విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

పోలండ్‌లోని క్రాకోవ్ నగరాన్ని ఆనుకొని నోవా హుతా అనే ఉక్కు పట్టణం ఉంది. 1949లో సోవియట్ తరహా ప్రణాళికతో దాని నిర్మాణం మొదలైంది. అక్కడి ఉక్కు కర్మాగారానికి లెనిన్ పేరు పెట్టారు. 1973లో నిలబెట్టిన లెనిన్ విగ్రహాన్ని 1989 డిసెంబరులో తొలగించారు. ఇప్పుడు ఆ పట్టణపు ప్రధాన కూడలికి అమెరికా మాజీ అధ్యక్షుడు రీగన్ పేరుంది. ఈ ఊరు చూడవచ్చిన పర్యాటకులను ట్రబాంట్ అనే పాత కారులో తిప్పడం అక్కడ ఒక వ్యాపారం. నిజానికి ట్రబాంట్ సోవియట్ కారు కాదు, తూర్పు జర్మనీలో తయారైనది. పోలండ్ కూడా సోవియట్ యూనియన్‌లో భాగం కాదు, దాని కూటమిలోని దేశం మాత్రమే. పర్యాటకుడు ఈ తేడాలను పట్టించుకోకపోయినా ఫరవాలేదు. చరిత్ర విద్యార్థి పట్టించుకోవాలి.

ఇలాంటి పర్యటన మన దగ్గర చేయవచ్చా? కట్టడాలూ యంత్రాలూ చూడాలనుకుంటే విశాఖపట్నం వెళ్లాలి. అక్కడి సముద్రతీరంలో ఉన్న కుర్సురా జలాంతర్గామి 1969 డిసెంబరు 18న సోవియట్ యూనియన్‌లోని రీగా రేవులో మన నౌకాదళంలో చేరింది. 2001లో విరమణ పొంది, మరుసటి ఏడాది ప్రదర్శనశాల అయింది. విశాఖ ఉక్కు కర్మాగారం, హైదరాబాదులోని ఐ.డి.పి.ఎల్. మందుల కర్మాగారం కూడా సోవియట్ సహకారంతో ఏర్పడినవే. తెనాలి, రేపల్లె, బాపట్లలలో ఇంత పెద్ద నిర్మాణాలేవీ లేవు. అయినా ఈ మూడు ఊళ్ల మీదుగా మాస్కో దాకా సాగిన చరిత్ర ఒకటుంది. అది కాంక్రీటులో కాక తీర్మానాల్లో, పుస్తకాల్లో, పొగాకు బేళ్లలో, మనుషుల పేర్లలో మిగిలింది. విగ్రహం తీసేస్తే అది పోయిందని అందరికీ తెలుస్తుంది. కాగితం చెదలు పట్టిపోతే ఎవరికీ తెలియదు. ఈ పాఠం అవసరం అక్కడే ఉంది.

2. వాహనం కూడా ఆధారమే

మన పర్యటనకు అంబాసిడర్ కారును ఎంచుకుందాం. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా ఆధారంగా హిందుస్తాన్ మోటార్స్ సంస్థ దీన్ని కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాలో తయారుచేసింది. 1950ల చివర మొదలైన ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. ఈ కారుకు సోవియట్ యూనియన్‌తో నేరుగా సంబంధం లేదు. కానీ ఇది ఏ ఆర్థిక వ్యవస్థలో పుట్టిందో చూడండి. రెండవ పంచవర్ష ప్రణాళిక (1956–61) భారీ పరిశ్రమలకు పెద్దపీట వేసింది. దాని వెనుక ఉన్న మహలనోబిస్ నమూనాపై సోవియట్ ప్రణాళికానుభవపు ప్రభావం ఉంది. భిలాయి ఉక్కు కర్మాగారానికి 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. లైసెన్సులు, దిగుమతి ఆంక్షల మధ్య వినియోగదారుడికి ఎంచుకోవడానికి రెండు మూడు రకాల కార్లే ఉండేవి. కాబట్టి అంబాసిడర్ బ్రిటిష్ ఒంటితో భారతీయ ప్రణాళికాయుగంలో నడిచిన బండి. ఒక వస్తువు ఎక్కడ తయారైందని అడిగి ఊరుకోకూడదు. ఏ విధానాల నీడలో బతికిందో కూడా అడగాలి.

3. తెనాలి: 1964 జులై

ఆంధ్రా ప్యారిస్ అని తెనాలికి పేరు. కళలకూ నాటకాలకూ ఆ పేరు వచ్చింది. రాజకీయ చరిత్రలో మాత్రం ఈ ఊరి పేరు మాస్కో, పెకింగ్‌లతో కలిపి వినిపిస్తుంది.

1960 నాటికి సోవియట్, చైనా కమ్యూనిస్టు పార్టీల మధ్య విభేదాలు బయటపడ్డాయి. 1962 భారత–చైనా యుద్ధంతో భారత కమ్యూనిస్టు పార్టీలోని అంతర్గత వివాదం మరింత ముదిరింది. 1964 ఏప్రిల్‌లో 32 మంది సభ్యులు పార్టీ జాతీయ సమితి సమావేశం నుంచి వాకౌట్ చేశారు. ఆ వర్గం జులై 7 నుంచి 11 వరకు తెనాలిలో సమావేశమైంది. దానికి 146 మంది ప్రతినిధులు వచ్చారు. తాము లక్షమంది సభ్యులకు ప్రతినిధులమని వారు చెప్పుకున్నారు. అదే ఏడాది అక్టోబరు 31 నుంచి నవంబరు 7 వరకు కలకత్తాలో జరిగిన మహాసభతో సి.పి.ఎం. వేరు పార్టీగా నిలబడింది.

తెనాలి సభలో మావో చిత్రపటం పెట్టారన్న విషయం తరచు ప్రస్తావనకు వస్తుంది. దాన్నిబట్టి అక్కడి వారందరూ చైనా అనుచరులని తేల్చేయడం సరికాదు. ఆ పార్టీ తరువాతి కాలంలో మాస్కో, పెకింగ్‌లు రెండింటికీ దూరంగా తన వైఖరిని ప్రకటించుకుంది. 1967 తరువాత చైనా పార్టీయే దాన్ని తీవ్రంగా విమర్శించింది. గోడమీది పటం ఒక ఆధారమే, కానీ తీర్మానాలనూ తరువాతి ఆచరణనూ పక్కన పెట్టి పటాన్ని మాత్రమే చదివితే తప్పుదారి పడతాం.

4. రేపల్లె: క్రెమ్లిన్ గదికి వెళ్లిన డెల్టా మనిషి

తెనాలి నుంచి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె చేరుకుంటాం. రైలు మార్గం ఇక్కడితో ఆగిపోతుంది. ఈ తాలూకాలోనే 1914లో మాకినేని బసవపున్నయ్య పుట్టారు. 1951 ఫిబ్రవరిలో అజయ్ ఘోష్, ఎస్.ఏ. డాంగే, చండ్ర రాజేశ్వరరావులతో పాటు ఆయన రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. అప్పటికి తెలంగాణ సాయుధ పోరాటం సాగుతూ ఉంది. దాన్ని కొనసాగించాలా, చైనా మార్గం భారతదేశానికి పనికివస్తుందా అన్నవి చర్చలో ముఖ్యమైన అంశాలు. చైనా విప్లవకారులకు వెనుక దన్నుగా సోవియట్ భూభాగం ఉందనీ, భారతదేశంలో ఆ పరిస్థితి లేదనీ స్టాలిన్ అభిప్రాయపడ్డారు. ఆ సంభాషణల నమోదులు సోవియట్ పతనం తరువాత పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి.

1951 అక్టోబరులో సాయుధ పోరాటాన్ని విరమించారు. మాస్కో చెప్పింది కాబట్టి ఆపారని ఒక్క మాటలో ముగించడం తేలిక. సైనిక చర్య వల్ల కలిగిన నష్టాలు, పార్టీలోనే ఉన్న భిన్నాభిప్రాయాలు, ముందున్న తొలి సార్వత్రిక ఎన్నికలు కూడా లెక్కలోకి తీసుకోవాలి. చరిత్రలో పెద్ద నిర్ణయాలకు ఒకే కారణం ఉండటం అరుదు.

నాలుగేళ్ల తరువాత మాస్కో నుంచి మరో రకమైన మాట వచ్చింది. 1955 ఫిబ్రవరిలో ఆంధ్ర రాష్ట్ర శాసనసభ ఎన్నికలు. ఇక్కడి కమ్యూనిస్టులు గెలుపు మీద గట్టి ఆశతో ఉన్నారు. సరిగ్గా ఆ ముందు నెలలో సోవియట్ పార్టీ పత్రిక 'ప్రావ్దా' నెహ్రూ ప్రభుత్వ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. కాంగ్రెస్ దాన్ని తన ప్రచారానికి వాడుకుంది. కమ్యూనిస్టులకు దాదాపు 31 శాతం ఓట్లు వచ్చినా 196 స్థానాల్లో 15 మాత్రమే దక్కాయి. ఓటమికి ఆ సంపాదకీయమే కారణం అనలేం. కానీ ఒక సంగతి మాత్రం స్పష్టం: సోవియట్ ప్రభుత్వానికి ఢిల్లీతో స్నేహం ఎంత ముఖ్యమో, డెల్టాలోని తన అభిమానుల గెలుపు అంత ముఖ్యం కాలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
తెనాలి సమావేశంలోని చిత్రపటాన్ని చరిత్రకారుడు ఏయే ఇతర ఆధారాలతో కలిపి చూడాలి?

5. బాపట్ల: పొగాకు, పుస్తకం

రేపల్లె నుంచి 216వ జాతీయ రహదారి మీద బాపట్ల వస్తాం. 1945లో ఏర్పడిన వ్యవసాయ కళాశాలకు ఈ ఊరు ప్రసిద్ధి. ఇక్కడి నుంచి దక్షిణంగా చీరాల, ఒంగోలు వైపు పోతే వర్జీనియా పొగాకు ప్రాంతం మొదలవుతుంది. 1953 డిసెంబరులో తొలి భారత–సోవియట్ వాణిజ్య ఒప్పందం కుదిరింది. తరువాత చెల్లింపులు రూపాయల్లో జరిగే పద్ధతి స్థిరపడింది. విదేశీ మారకద్రవ్యానికి కరువున్న రోజుల్లో ఇది రెండు దేశాలకూ కలిసివచ్చింది. మన పొగాకును ఎక్కువగా కొన్న దేశాల్లో సోవియట్ యూనియన్ ఒకటి. 1991లో ఆ దేశం విచ్ఛిన్నమైనప్పుడు పొగాకు ఎగుమతిదారులకూ రైతులకూ నమ్మకమైన మార్కెట్టు చేజారింది. ఎక్కడో మాస్కోలో జెండా దిగితే ఇక్కడి రైతు ఇంట్లో లెక్క మారింది. విదేశాంగ విధానం రైతు గడప దాకా ఎలా వస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కరలేదు.

పొగాకు అటు వెళ్లింది, పుస్తకం ఇటు వచ్చింది. మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయం, 1982లో దాన్నుంచి విడివడిన రాదుగ తెలుగులో పుస్తకాలు వేశాయి. వృక్షశాస్త్రజ్ఞుడూ 'అతడు–ఆమె' నవలాకారుడూ అయిన ఉప్పల లక్ష్మణరావు, నిడమర్తి ఉమారాజేశ్వరరావు, ఆర్వీయార్‌గా పాఠకులకు తెలిసిన రాళ్లబండి వెంకటేశ్వరరావు వంటివారు అనువాదాలు చేశారు. గోర్కీ, తొల్‌స్తోయ్, చెఖోవ్, ఐత్‌మాతవ్‌ల రచనలూ, పిల్లల కథలూ, విజ్ఞానశాస్త్ర గ్రంథాలూ మంచి కాగితం మీద, రంగు బొమ్మలతో, అతి తక్కువ ధరకు వచ్చేవి. విశాలాంధ్ర ప్రచురణాలయం పుస్తకశాలల ద్వారా అవి చిన్న ఊళ్లకు చేరాయి. తెలుగు కూడా అక్కడికి వెళ్లింది. లెనిన్‌గ్రాద్ విశ్వవిద్యాలయంలో నికితా గూరవ్ తెలుగు బోధించారు. 1972లో తెలుగు–రష్యన్ నిఘంటువు మాస్కోలో వెలువడింది.

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన ప్రశ్న వేసుకోక తప్పదు. ఆ ధర ఎందుకు అంత తక్కువ? ప్రభుత్వం ఖర్చు భరించింది కాబట్టి. తన దేశాన్ని మంచిగా చూపుకోవడం ఆ ప్రభుత్వ ఉద్దేశం. 1932–33 నాటి ఘోర క్షామం, 1937–38 నాటి సామూహిక అరెస్టులూ మరణశిక్షలూ ఆ పుస్తకాల్లో తగిన చోటు పొందలేదు. అందువల్ల వాటిని పారేయాలా? అక్కరలేదు. ఐత్‌మాతవ్ నవల చదివి కంటతడి పెట్టిన పాఠకుడి అనుభవం నిజం. ఆ పుస్తకం మౌనంగా దాటేసిన సంగతులూ నిజం. చరిత్ర విద్యార్థి రెండింటినీ ఒకే వ్యాసంలో రాయగలగాలి.

1991 తరువాత మాస్కో నుంచి తెలుగు పుస్తకాలు రావడం ఆగిపోయింది. కొన్ని పిల్లల పుస్తకాలను 'మంచి పుస్తకం' వంటి సంస్థలు మళ్లీ అచ్చువేశాయి. మిగిలినవి ఇళ్ల అటకల మీదా, పాత పుస్తకాల అంగళ్లలోనూ, గ్రంథాలయాల మూల బీరువాల్లోనూ ఉన్నాయి. బాపట్ల జిల్లాలోనే వేటపాలెంలో 1918లో స్థాపించిన సారస్వత నికేతనం పాత పత్రికల సేకరణకు పేరు పొందింది. మన పర్యటన చివరి మజిలీ అదే. 1955, 1964 నాటి తెలుగు పత్రికలను ఇలాంటి చోట తిరగేస్తే, పైన చెప్పిన సంఘటనలు ఆనాటి పాఠకుడికి ఎలా కనిపించాయో తెలుస్తుంది.

6. మీరు చేయదగిన పని

కోస్తా జిల్లాల్లో లెనిన్, స్టాలిన్, గోర్కీ అనే పేర్లున్నవారు ఇప్పటికీ కనిపిస్తారు. మీకు తెలిసినవారు ఉంటే, వారి అనుమతితో ఆ పేరు ఎవరు పెట్టారో, ఏ ఏడాది పెట్టారో, బడిలో ఆ పేరుతో ఎలాంటి అనుభవం కలిగిందో అడిగి రాసుకోండి. సోవియట్ పుస్తకం దొరికితే ముందు దాని ముద్రణ వివరాల పేజీ చూడండి: అనువాదకుడు, సంవత్సరం, ధర, అమ్మిన దుకాణం ముద్ర, బహుమతిగా ఇచ్చినవారి చేతిరాత. కథకన్నా ముందు ఆ పేజీయే మీకు చరిత్ర చెబుతుంది. జ్ఞాపకం చెప్పిన తేదీని పత్రికతోనో పత్రంతోనో సరిచూసుకోండి. ఒకప్పుడు మూడు ఊళ్లూ గుంటూరు జిల్లాలోనివే. 2022 నుంచి తెనాలి గుంటూరు జిల్లాలో, రేపల్లె, బాపట్ల కొత్త బాపట్ల జిల్లాలో ఉన్నాయి. పాత రికార్డులు వెదికేటప్పుడు ఈ మార్పు గుర్తుంచుకోండి.

7. సారాంశం

నోవా హుతాలో పర్యాటకుడు చూసేది మిగిలిన కట్టడాలను. మన డెల్టాలో సోవియట్ కాలపు వారసత్వం ఒక సంబంధం రూపంలో ఉంది. ఆ సంబంధంలో అభిమానం ఉంది, వాదన ఉంది, వ్యాపారం ఉంది, నిరాశ కూడా ఉంది. రేపల్లె మనిషి మాస్కో వెళ్లి సలహా అడిగాడు. పదమూడేళ్లకు తెనాలిలో అదే మాస్కో మార్గంపై తిరుగుబాటు జరిగింది. బాపట్ల ప్రాంతం పొగాకు పంపి, పుస్తకాలు అందుకుంది. దీన్ని కేవలం తీపి జ్ఞాపకంగా తలుచుకున్నా, కేవలం ప్రచారమని కొట్టిపారేసినా సగం చరిత్రే మిగులుతుంది. రెండో సగానికి ఆధారాలు ఇంకా దొరుకుతున్నాయి. అవి పోకముందే చదవడం మీ తరం పని.

నమూనా పరీక్ష ప్రశ్నలు

1. 1951, 1955, 1964 సంఘటనల ఆధారంగా ఆంధ్ర కమ్యూనిస్టు ఉద్యమానికీ సోవియట్ యూనియన్‌కూ ఉన్న సంబంధంలోని మార్పులను చర్చించండి.
2. సోవియట్ తెలుగు పుస్తకాలను చారిత్రక ఆధారాలుగా వాడటంలో ఉన్న ప్రయోజనాలనూ పరిమితులనూ వివరించండి.
3. విదేశీ వాణిజ్యం స్థానిక వ్యవసాయాన్ని ప్రభావితం చేసిన తీరును పొగాకు ఉదాహరణతో రాయండి.