గర్భాశయపు పాలిప్: చికిత్స నడచిన దారి

కొత్తపట్నము తీరమునుండి గుంటూరు వఱకు మిరప పండించు గ్రామముల స్త్రీలకు కాయ తొడిమ తీయుట చిరపరిచితమైన పని. గర్భాశయపు లోపొరనుండి పెరుగు పాలిప్ అను మెత్తని కండయు తఱచుగా అట్టి తొడిమతోనే వ్రేలాడుచుండును. ముట్లుడుగని స్త్రీలలో నెలసరి రక్తము అధికమగుట, రెండు నెలసరుల నడుమ రక్తము కనబడుట దీని ముఖ్యలక్షణములు. ఆ వయసున ఇది కాన్సర్ అగుట అరుదు.

18వ శతాబ్దమున ఫ్రెంచి వైద్యుడు ఆంద్రే లెవ్రే, గర్భాశయ ముఖమునుండి వెలికి దిగిన పాలిప్ తొడిమకు దారము బిగించు పద్ధతిని వృద్ధిచేసి, 1749లో గ్రంథము ప్రకటించెను. రక్తమందక ఆ కండ రాలిపోవును. కాని కంటికి అగపడినదానికే దారము అందెను. తరువాతి శతాబ్దమున రెకామియే లోపొరను గీకు పరికరమును కల్పించెను. 1846లో ఈథర్ మత్తు, 1867లో లిస్టర్ క్రిమినాశక పద్ధతి వెలువడినపిమ్మట శస్త్రచికిత్సల అపాయము తగ్గెను. అయినను గీకుట చూడక చేయు పని. పాలిప్ ప్రక్కకు జారి లోననే మిగిలిపోవుట కలదు.

1869లో పాంటలియోని అను వైద్యుడు దీపపు వెలుగును గొట్టముగుండ పంపి, 60 ఏండ్ల స్త్రీ గర్భాశయమున పాలిప్‌ను కన్నులార చూచి, సిల్వర్ నైట్రేటుతో కాల్చెను.

ఆ కాలమున మన ప్రాంతపు స్త్రీలకు ఈ బాధను పురుషవైద్యునితో చెప్పుకొనుటయే కష్టము. 1883లో అమెరికానుండి గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో స్త్రీలకును శిశువులకును ఆసుపత్రి తెఱచి, ఆ సంకోచమునకు ఒక దారి చూపెను.

1976లో న్యూయార్కు వైద్యుడు న్యూవర్త్, మూత్రమార్గ చికిత్సకు వాడు పరికరముతో గర్భాశయపు లోపలి గడ్డలను చూచుచునే కోసివేసిన విధమును ప్రకటించెను. పాలిప్‌కును నేడు ఇట్టి దారియే: కడుపు కోయకుండ, గర్భాశయ ముఖముగుండ సన్నని దర్శినిని పంపి, తొడిమ మొదట కత్తిరింతురు. తీసిన కండను పరీక్షకు పంపుదురు. పెక్కుమంది ఆనాడే ఇల్లు చేరుదురు. బాధ కలిగింపని చిన్న పాలిప్ కొన్నిసారులు తనంత తానే పోవును.

ఇంత దారి తెఱచుకొన్నను, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున 15-49 ఏండ్ల స్త్రీలలో నూటికి 8.7 మందికి గర్భసంచి తీసివేసియున్నట్లు తేలెను. దేశమంతటి సగటు 3.3. వీనిలో తప్పనిసరియైనవియు కలవు. కాని అండాశయములను కూడ తీసినచో ముట్లు వెంటనే ఉడిగి, ఎముకలు బలహీనపడును. కావున రక్తము ఎక్కువైన స్త్రీకి గర్భసంచి తీయింపుమని చెప్పినపుడు, కారణము పాలిప్ మాత్రమేనా, దానినొక్కదానినే తీయవచ్చునా యని ఆమెయు ఆమె ఇంటివారును అడుగవలెను. తొడిమ తీయుటకు చెట్టు నఱకు రైతు లేడు గదా!