మిద్దెపై సౌర విద్యుత్తు.. ఎవరికెంత లాభం?

నెల్లూరు: జిల్లాలో ఎండకు కొదవ లేదు. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం మిద్దెపై కాలు మోపలేని పరిస్థితి. ఆ వేడికి తాళలేక ఏసీలు, కూలర్లు వేసుకుంటే నెల తిరిగేసరికి కరెంటు బిల్లు తడిసి మోపెడవుతుంది. అదే ఎండతో విద్యుత్తు తయారు చేసుకునే అవకాశం ఇప్పుడు సామాన్య గృహస్థులకూ అందుబాటులోకి వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో రూ.75,021 కోట్ల అంచనాతో పీఎం సూర్యఘర్ పథకాన్ని చేపట్టింది. 2026-27 ఆర్థిక సంవత్సరం వరకు దేశంలో కోటి ఇళ్లపై సౌర ఫలకాలు అమర్చడం దీని లక్ష్యం. అయితే ఫలకాలు పెట్టిన ప్రతి ఇంటికీ ఒకే లాభం రాదు. నెలవారీ వాడకం, మిద్దె స్థితి, తీరప్రాంతపు ఉప్పుగాలి, తుఫానులు అన్నీ లెక్కలోకి తీసుకోవాల్సిందే.

బిల్లే తొలి కొలమానం

ముందుగా గడచిన పన్నెండు నెలల బిల్లులను దగ్గర పెట్టుకోవాలి. రాష్ట్రంలో గృహ విద్యుత్తు ధర వాడకాన్ని బట్టి శ్లాబుల వారీగా పెరుగుతుంది. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ధరల ప్రకారం తొలి 30 యూనిట్లకు రూ.1.90, 31 నుంచి 75 వరకు రూ.3, 76 నుంచి 125 వరకు రూ.4.50, 126 నుంచి 225 వరకు రూ.6, 226 నుంచి 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75 చొప్పున వసూలు చేస్తారు. సౌర విద్యుత్తు ముందుగా తగ్గించేది పై శ్లాబు యూనిట్లనే. అందువల్ల అధికంగా వాడే ఇంటికి పెట్టుబడి త్వరగా తిరిగి వస్తుంది. తక్కువ వాడే ఇంటికి ఏళ్లు పడుతుంది.

ఒక కిలోవాట్ సామర్థ్యానికి సుమారు వంద చదరపు అడుగుల నీడ లేని స్థలం కావాలి. దాని నుంచి రోజుకు సగటున నాలుగు యూనిట్లు, నెలకు 120 యూనిట్ల వరకు ఉత్పత్తి ఆశించవచ్చు. ఏడాది పొడవునా ఇది ఒకేలా ఉండదు. జిల్లా వర్షపాతంలో సగానికి పైగా అక్టోబరు-డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతోనే కురుస్తుంది. ముసురు పట్టిన ఆ నెలల్లో ఉత్పత్తి పడిపోతుంది. ఎండలు మండే మే నెలలోనూ ఫలకాలు బాగా వేడెక్కి సామర్థ్యం కొంత తగ్గుతుంది. కావాల్సింది వెలుతురే తప్ప వేడి కాదు.

మూడు కిలోవాట్లు అందరికీ అవసరమా?

నెలకు 300 యూనిట్లు వాడే ఇంటిని తీసుకుందాం. పై ధరల ప్రకారం విద్యుత్తు చార్జీ రూ.1,673 అవుతుంది. స్థిర చార్జీలు, సుంకం, సర్దుబాటు చార్జీలు దీనికి అదనం. రెండు కిలోవాట్ల ఫలకాలు పెడితే 240 యూనిట్లు సూర్యుడి నుంచి వస్తాయి. మిగిలిన 60 యూనిట్లకు చార్జీ రూ.147 మాత్రమే. అంటే నెలకు రూ.1,526, ఏడాదికి రూ.18,300 ఆదా. సంస్థ రెండు కిలోవాట్లకు రూ.1.40 లక్షలు అడిగిందనుకుంటే రూ.60 వేల రాయితీ పోను రూ.80 వేలు మనం భరించాలి. ఈ సొమ్ము నాలుగున్నరేళ్లలో తిరిగి వస్తుంది.

అదే ఇంటికి మూడో కిలోవాట్ కూడా పెడితే మరో రూ.60 వేలు అవుతుందనుకుందాం. దానికి రాయితీ రూ.18 వేలే. చేతి నుంచి పెట్టే రూ.42 వేలతో అదనంగా తగ్గే బిల్లు నెలకు రూ.147. గ్రిడ్‌కు ఇచ్చే మిగులుకు కొంత సొమ్ము వచ్చినా ఆ ధర పై శ్లాబు ధరకు సాటిరాదు. ఈ లెక్కన మూడో కిలోవాట్ ఖర్చు తిరిగి రావడానికి దాదాపు ఫలకాల ఆయుష్షంతా పడుతుంది. నెలకు 400 యూనిట్లు వాడే ఇంటికైతే మూడో కిలోవాట్ నెలకు రూ.540 వరకు తగ్గించి ఆరేడేళ్లలో గిట్టుబాటు అవుతుంది. నెలకు వంద యూనిట్లతో సరిపెట్టుకునే ఇంటి చార్జీ మొత్తం కలిపి రూ.305 దాటదు. ఒక కిలోవాట్‌కు రాయితీ పోను రూ.45 వేలు పెడితే అవి రాబట్టడానికి పన్నెండేళ్లు దాటుతుంది. పెద్ద యూనిట్ పెట్టుకోమని అమ్మకందారు చెప్పినంత మాత్రాన తలూపకుండా ఈ లెక్క వేసుకోవడం మేలు.

రాయితీ.. రుణం

కేంద్ర రాయితీ తొలి రెండు కిలోవాట్లకు రూ.30 వేల చొప్పున, మూడో కిలోవాట్‌కు రూ.18 వేలు. అంతకు మించి ఎంత సామర్థ్యం పెట్టుకున్నా గరిష్ఠ రాయితీ రూ.78 వేలే. రెండు కిలోవాట్ల వరకు ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఉచితంగా అమర్చాలని, బీసీలకు మరో రూ.20 వేలు అదనంగా ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం 2025లో నిర్ణయించింది. తీరంలోని మత్స్యకారులు, యానాది కుటుంబాలు దీనిపై విద్యుత్తు కార్యాలయంలో విచారించుకోవాలి. సౌర పరికరాలపై జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. ధరల పట్టిక తీసుకునేటప్పుడు ఇది గమనించాలి.

పథకం కింద బ్యాంకులు పూచీకత్తు లేని రుణం ఇస్తున్నాయి. వడ్డీ రెపో రేటును బట్టి మారుతుంది. ఏడు శాతం వడ్డీపై రూ.80 వేలు పదేళ్లకు తీసుకుంటే నెలవారీ వాయిదా సుమారు రూ.930. బిల్లులో మిగిలే సొమ్ము అంతకన్నా ఎక్కువగా ఉంటేనే అప్పు భారం కాదు.

తుఫాను రాత్రి దీపం వెలుగుతుందా?

చాలామంది పొరబడేది ఇక్కడే. రాయితీపై ఎక్కువగా అమర్చేది గ్రిడ్‌తో అనుసంధానమైన వ్యవస్థ. లైన్‌లో సరఫరా ఆగితే ఇన్వర్టర్ కూడా వెంటనే ఆగిపోతుంది. స్తంభాలపై పనిచేసే సిబ్బందికి ప్రాణహాని కలగకుండా చేసిన ఏర్పాటిది. 1989 నవంబరులో కావలి సమీపంలో తీరం దాటిన పెను తుఫానును ఇక్కడి పెద్దలు ఇప్పటికీ తలచుకుంటారు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను నెల్లూరు తీరాన్ని ఆనుకొని బాపట్ల వైపు సాగింది. అలాంటి వేళ సరఫరా రోజుల తరబడి నిలిచిపోతే మిద్దెపై ఫలకాలున్న ఇల్లు కూడా చీకట్లోనే ఉంటుంది. వెలుగు కావాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ వ్యవస్థ పెట్టుకోవాలి. ఖర్చు గణనీయంగా పెరుగుతుంది, కొన్నేళ్లకు బ్యాటరీ మార్చాలి. రెండు దీపాలు, ఒక ఫ్యాన్ చాలనుకునే వారికి విడిగా సాధారణ ఇన్వర్టర్ ఉంచుకోవడమే చౌక.

గాలి.. ఉప్పు

భవన నిర్మాణ ప్రమాణాల్లో నెల్లూరుకు సెకనుకు 50 మీటర్ల గాలి వేగాన్ని నిర్దేశించారు. అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఫలకాలను మోసే చట్రం ఆ వేగానికి నిలుస్తుందని సంస్థ నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. కింద వాడుకోవచ్చని చట్రాన్ని మరీ ఎత్తు లేపితే గాలి పట్టు పెరుగుతుంది. పెచ్చులూడుతున్న పాత శ్లాబుకు ముందు మరమ్మతు చేయించాలి. మైపాడు, ముత్తుకూరు, అల్లూరు వంటి తీర ప్రాంతాల్లో ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. జింకు పూత దిట్టంగా ఉన్న చట్రం, స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు, ఉప్పుగాలి పరీక్షకు నిలిచిన ఫలకాలనే ఎంచుకోవాలి. ఫలకాలపై పేరుకునే ఉప్పు, దుమ్మును వేకువనే, అవి చల్లగా ఉన్నప్పుడు కడగాలి. ఉప్పు బోరు నీటితో కడిగితే తెల్లని మరకలు కడతాయి. మంచినీరే వాడాలి. కొబ్బరి చెట్టు, నీళ్ల ట్యాంకు నీడ ఏ పూటా ఫలకాలపై పడకూడదు.

దరఖాస్తు ఇలా..

పీఎం సూర్యఘర్ జాతీయ పోర్టల్‌లో విద్యుత్తు సర్వీసు నంబరుతో నమోదు చేసుకోవాలి. మన జిల్లా తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ప్రాంత విద్యుత్తు పంపిణీ సంస్థ (ఏపీఎస్పీడీసీఎల్) పరిధిలోకి వస్తుంది. పది కిలోవాట్ల వరకు ప్రత్యేక సాంకేతిక పరిశీలన అవసరం లేదని 2024లో నిబంధనలు సడలించారు. పోర్టల్‌లో నమోదైన సంస్థల్లో కనీసం రెండు మూడింటి ధరలు పోల్చి చూడాలి. రాయితీ వర్తించాలంటే ఫలకాలు దేశంలో తయారైనవై ఉండాలి. అమరిక తర్వాత రాకపోకల యూనిట్లు రెండింటినీ నమోదు చేసే నెట్ మీటర్ బిగిస్తారు. తనిఖీ పూర్తయ్యాక రాయితీ నేరుగా బ్యాంకు ఖాతాలో జమవుతుంది. ముందుగా పూర్తి సొమ్ము సమకూర్చుకోవాల్సింది ఎక్కువగా వినియోగదారుడే. ఫలకాలకు సాధారణంగా 25 ఏళ్ల పనితీరు హామీ ఉంటుంది. ఇన్వర్టర్‌ను పదేళ్లకు అటూఇటూగా మార్చాల్సి రావచ్చు. అయిదేళ్ల నిర్వహణ బాధ్యత సంస్థదేనని ఒప్పందంలో రాయించుకోవాలి.

ముత్తుకూరు మండలం నేలటూరులోని థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడు బొగ్గుతో నడుస్తున్నాయి. మిద్దెపై రెండు కిలోవాట్లు దానికి ఏ మూలకూ చాలవు. అయినా ఏడాదికి రెండు టన్నుల వరకు బొగ్గుపులుసు వాయువును తగ్గిస్తాయి. నెలకు రెండు వందల యూనిట్లు దాటి వాడుతూ, గట్టి మిద్దె, నీడ లేని చోటు ఉన్న కుటుంబానికి ఇది లాభసాటి పెట్టుబడి. బిల్లు మూడు నాలుగు వందలు దాటని ఇంటికి మాత్రం, పూర్తి రాయితీ దక్కితే తప్ప, తొందరపడాల్సిన పని లేదు.